రెండో వైపు తిరగెయ్యండి

ఆ వీధిలో ఆమె అసలు పేరు చెప్పి అడిగితే ఇల్లు చూపించేవాళ్ళు ఉండరు. "కూనిరాగం గారి ఇల్లు" అంటే మాత్రం మూలమీది ఇస్త్రీ ఆయన చేతిలో పని పక్కన పెట్టి, గుమ్మం దాకా వచ్చి మరీ దిగబెడతాడు.

కిటికీలకు పరదాలు కుట్టడం ఆమె వృత్తి. ముందుగదిలో వీధివైపు కుట్టుమిషను, దాని పక్కన గుడ్డ తానులు నిలబెట్టిన చెక్క అర, గోడకు మేకులు కొట్టి వేలాడదీసిన రింగుల గుత్తులు. మిషను మీద కూర్చుని కాలు ఆడించడం మొదలుపెట్టిందంటే నోట్లోంచి పాట రావలసిందే. కాలు ఆగితే పాటా ఆగుతుంది. ఎవరైనా ముచ్చటపడి, "ఏదీ, ఒక్క పాట పాడండి" అని కుర్చీలో కూర్చోబెడితే గొంతు పట్టేసినట్టయి మంచినీళ్ళు అడుగుతుంది. కాలు ఆడందే గొంతు ఆడని మనిషి.

ఆ పాటలు ఎవరివో కావు, ఆమె సొంతవే. జానెడు పొట్టిగా తయారైన పరదా మీద ఒకటి, కొలతలు ఇచ్చి ఇంటికెళ్ళేలోపే మాట మార్చే ఇల్లాలి మీద ఒకటి, ఎప్పుడు వెతికినా కనబడని కత్తెర మీద ఒకటి. అన్నిటికన్నా వీధిలో పిల్లలకు నోటికి వచ్చింది ఇది:

సూది బెజ్జం దారమా, చుట్టపుచూపుగా రావమ్మా
వచ్చినదానివి ఊరకే పోక, వంద కుట్లు వేసిపోవమ్మా

ఆమె అన్నయ్యకు ఒకప్పుడు క్యాసెట్ల దుకాణం ఉండేది. చెల్లెలి పాటలంటే ఆయనకు వల్లమాలిన గర్వం. వయసులో ఉన్నప్పుడు ఒకరోజు రికార్డింగు పెట్టె భుజాన వేసుకుని ఆ ముందుగదికి వచ్చాడు. మిషను చప్పుడు పడకూడదని ముందు ఆమెను మంచం మీద కూర్చోబెట్టాడు. పాట రాలేదు. మిషను ముందు కూర్చోబెట్టి ఊరికే కాలు ఆడించమన్నాడు. గుడ్డ లేకుండా సూది ఆడుతుంటే ఆమెకు నవ్వొచ్చింది గానీ పాట రాలేదు. ఆఖరికి ఆయనే విసిగి, "కుట్టు తల్లీ, కుట్టు! పడితే పడింది" అన్నాడు. ఆ మాటతో పాటలూ, పరదా ఒకటీ కలిసి పూర్తయ్యాయి. రెండో వైపు మొదట్లో దారం పుటుక్కున తెగి, ఆమె పగలబడి నవ్విన నవ్వు కూడా పడింది. చెరపడానికి అన్నయ్యకు మనసొప్పలేదు.

క్యాసెట్లు చాలానే అమ్ముడుపోయాయి. పిన్ని కొంది, పెదనాన్న కొన్నాడు, బావగార్లు, వదినలు, తోడికోడళ్ళు అందరూ కొన్నారు. కూనిరాగానికి కొన్నాళ్ళు కాళ్ళు నేలమీద నిలవలేదు. ఆ తర్వాత ఎప్పుడో పిన్ని ఇంట్లో బీరువా సర్దుతుంటే ఆ క్యాసెట్టు పైకాగితం కూడా విప్పకుండా దొరికింది. పెదనాన్న ఇంట్లో బల్ల కోడు కింద దొరికింది, ఊగకుండా. అప్పుడు తెలిసింది ఆమెకు, తనను ఎరగని మనిషి ఒక్కరు కూడా కొనలేదని. అమ్ముడుపోక మిగిలినవాటి టేపు లాగి, పక్షులు రాకుండా డాబా మీద కట్టాడు ఆమె భర్త. ఆయన ఇళ్ళకు కరెంటు తీగలు బిగించే మనిషి, తీగ కనబడితే ఎక్కడో ఒకచోట కట్టందే ఊరుకోడు.

"నువ్వు పాడితే మనుషులు రాలేదు గానీ, పిట్టలు మాత్రం ఊరొదిలి పారిపోయాయోయ్" అన్నాడు.

ఆమె గట్టిగానే నవ్వింది. ఆ నవ్వు కింద ఏముందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఇన్నేళ్ళ తర్వాత ఆ క్యాసెట్లలో ఒకటి మేనకోడలి చేతిలో పడింది. క్యాసెట్లు పోయాక అన్నయ్య దుకాణంలో ఫోన్ల తొడుగులూ చార్జర్లూ వేలాడుతున్నాయి. లోపలి మూల బల్ల మీద ఆయన కూతురు పెద్ద కంప్యూటరు పెట్టుకుని వాళ్ళకీ వీళ్ళకీ వెబ్‌సైట్లు తయారుచేస్తూ ఉంటుంది. తండ్రి అటక మీద దాచుకున్న ఆఖరి క్యాసెట్టును ఆమె కంప్యూటర్లోకి ఎక్కించి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని, నేరుగా మేనత్త ఇంటికి పరిగెత్తింది.

"అత్తా! దీన్ని అమ్ముదాం!"

"బల్ల కోళ్ళకా?"

"అబ్బ, క్యాసెట్టు కాదత్తా, పాట! ఇప్పుడు పాట అమ్మడానికి షాపు అక్కర్లేదు. మధ్యలో కంపెనీవాడి గడ్డం పట్టుకోనక్కర్లేదు. మనమే పేజీ పెట్టుకుంటాం, వినేవాళ్ళు నేరుగా మన దగ్గరే కొంటారు."

"కొన్నాక చేతికి ఎలా ఇస్తావే?"

"చేతికివ్వను. వాళ్ళ కంప్యూటర్లోకి పోతుంది."

"మరి మన దగ్గరిది?"

"మన దగ్గరా ఉంటుంది."

"ఇచ్చేశాక కూడానా!" కూనిరాగం కాలు ఆపింది. "గుడ్డ కూడా అలా ఉంటే ఎంత బాగుండేదే పిల్లా! ఒక్క తాను కొనుక్కుని ఊరంతటికీ కుట్టిపారేసేదాన్ని."

మేనకోడలు చెప్పినదాన్ని బట్టి అది బ్రౌజర్లో తెరుచుకునే అప్లికేషన్. నచ్చితే కంప్యూటర్ తెర మీద చిన్న బొమ్మగా అతుక్కుని కూర్చుంటుంది. ఒకసారి కొన్నవాళ్ళకు నెట్ పోయినా పాడుతూనే ఉంటుంది. ఫోన్లో కూడా పెడతానంది గానీ మేనత్త ఒప్పుకోలేదు.

"ఫోన్లో వద్దు. ఫోన్లో పాట పెట్టుకుని జనం రోడ్డు దాటుతారు, కూరగాయలు బేరమాడతారు. బల్ల ముందు కూర్చుని పనిచేసుకునేవాళ్ళు వినాలి. నేను పనిచేస్తూ పాడాను, వాళ్ళు పనిచేస్తూ వినాలి."

దాంతో పోలేదు. అన్నయ్య కూడా వచ్చి ఒక షరతు పెట్టాడు. "మొదటి వైపు అవగానే ఆగాలి."

"ఎందుకాగాలి నాన్నా?"

"క్యాసెట్టు ఆగేది గనక. ఆగితే మనిషి లేస్తాడు, ఒళ్ళు విరుచుకుంటాడు, ఇంకా వినాలా వద్దా అని ఆలోచించుకుంటాడు. తర్వాత తిరగేస్తాడు. ఆగకుండా పోతూ ఉంటే అది పాట కాదు, కుళాయి."

"ఈ కాలంలో ఎవరు తిరగేస్తారు నాన్నా!"

"రెండో వైపు నా నవ్వుంది" అంది కూనిరాగం. "అది ఊరికే వచ్చి మీద పడకూడదు. కావాలన్నవాళ్ళకే రావాలి."

ఇద్దరూ ఒకటయ్యేసరికి పిల్ల చేతులెత్తేసింది. తెర మీద క్యాసెట్టు బొమ్మ వేసింది. మొదటి వైపు అవగానే కటక్కుమని శబ్దం వచ్చి బొమ్మ ఆగుతుంది, కింద పెద్ద అక్షరాలతో "రెండో వైపు తిరగెయ్యండి" అని వస్తుంది. బొమ్మ మీద నొక్కితే గిర్రున తిరిగి రెండో వైపు మొదలవుతుంది. ఇంట్లోవాళ్ళూ చుట్టాలూ అందరూ దుకాణానికి వచ్చి, వరసగా నిలబడి, నొక్కి చూసి మురిసిపోయారు. ఎవరైనా పాట కొంటే దుకాణంలోని కంప్యూటరు కత్తెర ఆడినట్టు "కసక్" మనేలా కూడా పెట్టింది పిల్ల.

"బాగుంది. అయితే నా షరతు ఒకటి విను" అంది మేనత్త. "చుట్టాలు కొంటే లెక్కలోకి రాదు. నా మొహం ఎరగని మనిషి, ఒక్కరంటే ఒక్కరు కొనాలి. కొంటే, నువ్వడుగుతున్న కొత్త పాటలన్నీ పాడి ఇస్తా. లేదంటే దీన్ని తీసెయ్, మళ్ళీ నా దగ్గర ఆ మాట ఎత్తకు."

పిల్ల ముందుచూపుగా మిషను పక్కన మైకు బిగించి మరీ వెళ్ళింది.

పాటలు పెట్టిన పూటే "కసక్" మంది. దుకాణంలో చార్జరు కొనడానికి వచ్చిన వాళ్ళతో సహా అందరూ చప్పట్లు కొట్టారు. కొన్నవాళ్ళు ఒక ముక్క రాయడానికి చోటుంది గనక పిల్ల పైకి చదివింది: "మీ గానం అమృతం. పిల్లులూ, పిట్టలూ కూడా మీకు అభిమానులగుగాక. ఇట్లు, దూరప్రాంతపు అభిమాని."

కూనిరాగం ఇంటికి వెళ్ళి వంటగదిలోంచి కేకేసింది. "దూరప్రాంతపు అభిమానిగారూ! టీ చల్లారిపోతోంది, వచ్చి తాగండి!"

"ఎలా కనిపెట్టావోయ్?" భర్త నెత్తి గోక్కుంటూ వచ్చాడు.

"'ఇట్లు' అని ఈ లోకంలో ఇంకా రాసేది మీరొక్కరే. దానికి తోడు పిట్టలు."

మర్నాడు ఇంకో కసక్. "ఒక సంగీతప్రియుడు" అట. పాటలు అద్భుతమనీ, కత్తెర పాట వెనక బుస్సుమనే చప్పుడు ఇంకాస్త తగ్గించి ఉండాల్సిందనీ రాశాడు. ఆ బుస్సు సంగతి దాన్ని రికార్డు చేసిన మనిషికి తప్ప ఎవరికి తెలుస్తుంది? కూనిరాగం అన్నయ్య వైపు చూసింది. ఆయన చాలా శ్రద్ధగా ఒక ఫోను తొడుగు తుడవసాగాడు. ఆ తర్వాతి కసక్కు ఇంకా ఘనం. "అజ్ఞాత శ్రోత" రాసిన పొగడ్త చివర, "అన్నట్టు మా హాలు పరదాలు ఎప్పటికిస్తారు?" అని ఉంది. ఆవిడ సాక్షాత్తూ వియ్యపురాలు.

ఆ వారమంతా కత్తెర ఆడుతూనే ఉంది, చుట్టాలంతా మారువేషాలు వేస్తూనే ఉన్నారు, ఆమె ఒక్కొక్కరి వేషం ఊడబెరుకుతూనే ఉంది. అందరికీ భలే ఆటగా ఉంది. ఆమెకూ మొదట్లో ఆటే. రానురాను కసక్కులు పలచబడ్డాయి, చుట్టాలు అయిపోయారు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం మాత్రం ఒక్కటి వచ్చింది, ఏ ముక్కా రాయకుండా.

"ఇది మీదేగా?" అని భర్తను అడిగింది.

"నా మీదొట్టు, కాదోయ్!"

"మీ మీద మీరు ఒట్టేసుకుంటే నేను నమ్మాలా? నిజమైతే నా కత్తెర మీద వెయ్యండి."

వేశాడు. నమ్మలేదు. ఆ సాయంత్రం మిషను ఆడింది గానీ పాట లేదు. మర్నాడూ, ఆ పైరోజూ అంతే. వట్టి టకటక మాత్రం వినబడుతుంటే ఇస్త్రీ ఆయన గుమ్మం దాకా వచ్చి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా? పాట లేక చొక్కా కాలర్లు సరిగ్గా మడత పడటంలేదు" అన్నాడు. ఆమె మిషను మీంచి లేచింది. పని సగంలో వదిలి అన్నయ్య దుకాణానికి బయల్దేరింది. భర్త తీగల సంచీ భుజాన వేసుకుని వెనకే వచ్చాడు.

"తీసెయ్యవే పిల్లా" అంది, కూర్చోకుండానే.

"అత్తా, ఇంకొన్నాళ్ళు..."

"బీరువాలో ఉన్నప్పుడు ఒకసారి చూశాను. మళ్ళీ కంప్యూటర్లో చూడలేను. తీసెయ్."

మేనకోడలు మొహం చిన్నబుచ్చుకుని కుర్చీ లాక్కుంది. అప్పుడు మోగింది దుకాణంలో ఫోను. ఇబ్బంది వస్తే పిలవమని పేజీ అడుగున పెట్టిన నంబరు అదే. పిల్ల తీసి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టింది.

"హలో, పాటల కంపెనీయేనాండీ?" ఎవరో మగ గొంతు.

కంపెనీ అన్న మాటకు అన్నయ్య చొక్కా సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు.

"అవునండి, చెప్పండి" అంది పిల్ల.

"నేను పళ్ళ డాక్టరుగారి దగ్గర కంపౌండర్నండి. మొన్న మీ పరదాల పాటలు కొన్నాం. శుభ్రంగా పాడిందండి. సగంలో కటక్కుమని ఆగిపోయి, రెండో వైపు తిరగెయ్యండి అని వచ్చింది."

"అవునండి. తిరగేశారా?"

"తిరగేశామండీ!" పడ్డ కష్టమంతా ఆ గొంతులో ఉంది. "నేనూ, మందుల కొట్టు ఆయనా చెరో పక్కా పట్టుకున్నాం. దిండు వేసి తలకిందులుగా ఆనించాం. పాట రాలేదండి."

పిల్ల అయోమయంగా ఫోను దగ్గరికి జరిగింది.

"దేన్ని... తిరగేశారండీ?"

"కంప్యూటర్నే అండి, తెరని. అక్షరాలు తలకిందులైపోయాయి గానీ పాట లేదు. ఇదికాదేమో, రెండో వైపంటే వెనకవైపేమో అని గోడకేసి తిప్పి కూడా చూశాం. అలా కూడా రాలేదండి. మళ్ళీ తలకిందులే పెట్టాం."

భర్త చార్జర్ల అట్టపెట్టె మీద చతికిలబడ్డాడు. పెట్టె అణిగిపోయింది. పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుని బల్ల కిందకి జారిపోయింది. కూనిరాగం మాత్రం నవ్వలేదు. ఫోను మీదికి వంగింది. చుట్టాలందరూ ఇక్కడే నిలబడి నొక్కి చూసినవాళ్ళే, వాళ్ళలో ఒక్కరు కూడా తెరను తలకిందులు చెయ్యరు. అయినా అడిగి తేల్చుకోవాలి.

"బాబూ, నువ్వెవరి తాలూకు?"

"డాక్టరుగారి తాలూకండి."

"అదికాదు. నిన్ను ఎవరైనా కొనమని చెప్పారా? కరెంటు పనిచేసే ఆయన, పొట్టిగా, బట్టతల..."

"ఏమోయ్!" అన్నాడు అట్టపెట్టెలోంచి భర్త.

"లేదండి. మా దగ్గర పొట్టిగా ఉండేది నేనే."

"మీ ఇంట్లో పరదాలు ఎవరు కుట్టారు?"

"మా ఇంట్లో పరదాలు లేవండి. కిటికీకి కాగితం అంటించాం."

ఆ సమాధానం ఆమెకు చాలా నచ్చింది. "అయితే నేను నీకేమవుతాను?"

"ఏమీ అవరండి. తప్పుగా అనుకోకండమ్మా."

"ఏమీ అవనా?"

"ఏమీ అవరండి."

"నాయనా, ఇంకొక్కసారి చెప్పు. గట్టిగా."

"మీరు నాకు ఏమీ అవరండీ!"

పుట్టి బుద్ధెరిగాక ఇంత తియ్యటి మాట ఆమెతో ఎవరూ అనలేదు. పక్కనున్న అన్నయ్య భుజం పట్టుకుని ఊపేసింది. "విన్నావా? ఏమీ అవనట! వీడికి నేను ఏమీ అవనట అన్నయ్యా!"

"విన్నాను తల్లీ, భుజం ఊడొస్తుంది, వదులు" అన్నాడు ఆయన. కళ్ళు మాత్రం తుడుచుకుంటున్నాడు.

"మరి నా పాటే ఎందుకు కొన్నావు బాబూ?"

"పళ్ళు అరగదీసే మిషను చప్పుడుకి జనం కుర్చీ ఎక్కకముందే వణికిపోతున్నారండి. దాన్ని మింగేసే చప్పుడు ఏదైనా వెతకమన్నారు డాక్టరుగారు. వాన చప్పుడు పెడితే అందరూ మాటిమాటికీ బాత్రూముకి లేచారు. రైలు పెడితే నిద్రపోయి నోరు మూసేశారు. మీ కుట్టుమిషను అతికినట్టు సరిపోయిందండి. మిషను కోసమే కొన్నాం. తీరా చూస్తే పాట పట్టుకుంది. సూది అన్నప్పుడు ఒకళ్ళిద్దరు ఉలిక్కిపడ్డారు గానీ, ఇప్పుడు వాళ్ళే పాడుతున్నారు. తొందరగా చెప్పండమ్మా, కుర్చీలో ఒకావిడ నోరు తెరుచుకుని ఉన్నారు. మిగతా పాటలు వినిపిస్తేనే పన్ను ముట్టుకోనిస్తానని చేత్తో సైగ చేస్తున్నారు."

"బొమ్మ ఉంది కదా, క్యాసెట్టు బొమ్మ. దాని మీద నొక్కు నాయనా."

"ముందు తెరని మామూలుగా పెట్టమను అత్తా!" బల్ల కిందనుంచి పిల్ల.

"అంత ఓపిక నాకు లేదు. నొక్కు బాబూ!"

"బాణం కుడికి తోస్తే ఎడమకి పోతోందండి. ఆఁ... దాటిపోయింది. డాక్టరుగారూ, కాస్త దిండు పట్టుకోండి... ఆఁ... ఆఁ..."

కటక్.

ఫోనులోంచి, దారం తెగి పగలబడి నవ్విన ఒక పడుచు నవ్వు వచ్చింది. దాని వెంట పళ్ళాసుపత్రి అంతా గొల్లుమంది. అందరికన్నా ఎక్కువగా "హ్హాఁ హ్హాఁ" మంటూ నోరు మూసుకునే వీల్లేని ఒక నవ్వు వినబడింది. ఆ వెనకే మిషను టకటకా, కత్తెర పాటా. దుకాణంలో కూనిరాగం కాలు ఉత్త గచ్చు మీద ఆడటం మొదలుపెట్టింది. మిషను లేదు, గుడ్డ లేదు, చుట్టూ ఇంతమంది ఉన్నారు. అయినా గొంతు పట్టెయ్యలేదు. ఫోనులో తన గొంతుతో తనే కలిసి, ఇన్నేళ్ళ బరువు పెరిగిన గొంతుతో, చివరి వరస దాకా పాడేసింది.

ఫోను పెట్టేశాక పిల్ల బల్ల కిందనుంచి బయటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. "ముందు ఆ మాట మార్చాలి. 'బొమ్మ మీద నొక్కండి' అని పెట్టేస్తా."

"అక్షరం కదిపావంటే ఊరుకోను" అంది మేనత్త.

"అత్తా, జనం కంప్యూటర్లు తిరగేస్తున్నారే!"

"తిరగెయ్యనీ! మనవాళ్ళయితే నొక్కుతారు. నన్ను ఎరగనివాళ్ళే తిరగేస్తారు. ఆ ఒక్క గుర్తూ తీసేస్తే వాళ్ళని నేనెలా పోల్చుకోనే?"

అన్నయ్య అవునన్నాడు. భర్తను అట్టపెట్టెలోంచి ఇద్దరు పట్టి లేపాల్సి వచ్చింది.

"మైకు ఇంకా మిషను పక్కనే ఉందా?" అని అడిగింది కూనిరాగం, జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగేస్తూ.

ఆమె వీధిలోకి తిరగ్గానే ఇస్త్రీ ఆయన ఆ మొహం చూసి చేతిలో పని పక్కన పెట్టేశాడు. ఆమె మిషను మీద కూర్చుని, సగంలో వదిలేసిన పరదా సూది కిందకి తోసింది. పిల్ల రొప్పుకుంటూ వచ్చి మైకు మీట నొక్కింది. కాలు కదిలింది. దారిలోనే సగం కట్టుకుని వచ్చిన కొత్త పాట మొదలైంది:

తెర తిరగేసిన చిన్నవాడా, నువ్వు నాకేమీ కావయ్యా
ఏమీ కాని పాపానికే ఇంత ఆనందం ఇచ్చావయ్యా

అంతలోనే చెయ్యెత్తి ఆపింది. "దూరప్రాంతపు అభిమానిగారూ! ఆ వీధి తలుపు వెయ్యండి. మీ సంచీలో తీగల గలగల కూడా పడుతోంది. మళ్ళీ మొదట్నుంచి!"